బిడ్డ ఒంట్లో నాయన

కామాఠీపుర, ఆరో గల్లీ,
13 జూలై 2025, ఆదివారం.

చిరంజీవి మౌనికను నీ నాయన మొగులయ్య మనసారా దీవించి రాస్తున్న సంగతులు.

ఉత్తరం మొదట్లో ఇక్కడ మేమంతా క్షేమం అని రాయడం నా చేతికి అలవాటు. పాలమూరు నుంచి వచ్చి ఈ గల్లీలో ఉండే కూలివాళ్లకి ఫోన్లు లేని రోజుల్లో పదేళ్లు ఉత్తరాలు రాసిపెట్టాను కదా, పెన్ను పట్టుకుంటే చాలు ఆ మాట దానంతట అదే దిగుతుంది. ఇప్పుడు కూడా రాసి, మళ్లీ కొట్టేశాను. పైన నల్లగా కనబడేది అదే. నీ తమ్ముడు నరేష్ బాగున్నాడు. నాకు మోకాళ్లు తప్ప అన్నీ పనిచేస్తున్నాయి. క్షేమం అనే మాట మాత్రం ఈ ఉత్తరంలో వద్దనుకున్నాను.

నీకు తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు. మరాఠీ బడిలో వేసింది నేనే, ఆ తప్పు నాదే. అందుకని దీన్ని రత్నాబాయి అక్క పేరు మీద వర్లికి పంపుతున్నాను. అక్క చిన్నప్పుడు మునిసిపాలిటీ తెలుగు బడిలో ఏడు దాకా చదివింది, అద్దాలు పెట్టుకుంటే గడగడా చదువుతుంది. నువ్వు ఉండేది కూడా ఆమె ఇంట్లోనే కాబట్టి తప్పించుకుపోవడానికి నీకు వీలుండదు. అక్కా, నీకు దండం. ఒక్క అక్షరం మింగకుండా చదివి పిల్లకు వినిపించు. నడుమ నన్ను తిట్టాలనిపిస్తే ఆగి, తిట్టి, మళ్లీ చదువు.

ఫోన్ చేయొచ్చు కదా అనుకుంటావు. చేస్తే నువ్వు ఎత్తవు. ఎనిమిదేళ్లుగా ఎత్తలేదు. వాయిస్ పంపు నాయినా, అక్క వింటది అని నరేష్ తన ఫోను నా నోటి దగ్గర పెట్టాడు. బిడ్డా అన్నాను. ఆ తర్వాత ఇంకో మాట రాలేదు. ఆ ఒక్క ముక్కే పంపాల్నా అని వాడు అడిగితే, చెరిపెయ్యిరా అని కసిరాను. నోటితో నాకు చేతకాదు బిడ్డా, ఏదైనా పెన్నుతోనే.

నరేష్ పోయిన నెల నిన్ను చూసి వచ్చాడు. నువ్వు నర్సు నౌకరీ మానేశావని చెప్పి ఊరుకున్నాడు. మంచి నౌకరీ ఎందుకు మానేసిందిరా అని నేను గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పాడు. మీ దవాఖానకు నారాయణపేట వైపు కూలివాళ్లు ఎవరో వచ్చారట. మొగుడు మంచం మీద, పెళ్లాం మంచం పక్కన నేల మీద. ఆమెకు తెలుగు తప్ప ఏమీ రాదని, ఇక ఆశ లేదన్న మాట నువ్వే చెప్పమని డాక్టరు నిన్ను పిలిచాడట. నువ్వు పోయి ఆమె ముందు నిలబడ్డావట. నోరు తెరిచావట. ఏమీ అనకుండానే మెట్లు దిగి, డ్యూటీ బట్టలు కూడా మార్చుకోకుండా వానలో వర్లి దాకా నడిచి వచ్చేశావట. మళ్లీ పోలేదట. ఎందుకు అక్కా అని వాడు అడిగితే, నా నోటికి ఎవరైనా మాట అప్పజెప్తే మనిషి చచ్చిపోతాడు అని మరాఠీలో అన్నావట. వాడు నాకు కూడా దాన్ని మరాఠీలోనే చెప్పాడు. తెలుగులో చెప్పడానికి వాడికి నోరు రాలేదు.

ఆ మాట నీ నోట్లో పెట్టింది ఎవరో నాకు తెలుసు. నీకు ఇరవై ఏడేళ్లు. రాత్రింబవళ్లు చదివి తెచ్చుకున్న నౌకరీ. నా మూలంగా ఆ ఒంటిగది ఖోలీలో గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నావంటే నేను ఊరుకోలేను. దీనికోసమే రాయాలనుకున్నాను, అయినా ఇరవై రోజులు పెన్ను పట్టలేదు. పట్టించింది ఒక సినిమా. నవ్వకు.

పోయిన ఆదివారం నరేష్ నన్ను హిందీ సినిమాకి లాక్కుపోయాడు. వారానికి ఒక్క పూట సెలవు, నడుం వాల్చుకుంటానురా, వాచ్‌మన్ కుర్చీ మీద కూర్చుని కూర్చుని వీపు కట్టెలా బిగుసుకుపోయింది అన్నాను. వింటేగా. నీలాగే మొండి. ఫాక్‌లాండ్ రోడ్ మీద పిక్కల దాకా నీళ్లు, ప్యాంట్లు ఎత్తిపట్టుకుని పోయాం. హాలు నిండా పిల్లజెల్ల. నా పక్కన ఒక ముసలామె మనవరాలిని ఒళ్లో పెట్టుకుని, సినిమా ఇంకా మొదలు కాకముందే నవ్వుతూ కూర్చుంది.

కథ చెప్తాను విను, నవ్వొచ్చే కథే. కుక్కర్లు అమ్మే దుకాణంలో మేనేజరు ఒకాయన. ఆయనకు పన్నెండేళ్ల కూతురు. ఇద్దరికీ క్షణం పడదు. నా కష్టం నీకేం తెలుసు అని ఆమె, అసలు నీకేం కష్టం ఉంది అని ఈయన. ఒకనాడు ఇంట్లో పాత ఇత్తడి గంట కోసం ఇద్దరూ గుంజులాడుకుంటారు. తెల్లారి లేచేసరికి తండ్రి ఒంట్లో కూతురు, కూతురి ఒంట్లో తండ్రి. అద్దంలో మీసం చూసుకుని ఆ పిల్ల పెట్టిన కేకకు హాలంతా దద్దరిల్లింది. అది అంత పెద్ద ఒంటితో దుకాణానికి పోయి, కుక్కరు కొన్నవాళ్లకల్లా చాక్లెట్లు పంచుతుంది. తండ్రేమో రెండు జడలు వేసుకుని బడికి పోయి, భాగహారం రాక బెంచీ ఎక్కుతాడు. అక్కడ నేను గట్టిగానే నవ్వాను. రెండంకెల భాగహారం నాకు నేర్పింది నువ్వే కదా, పలక మీద. నాకు రాకపోతే నా చెవి మెలిపెట్టేదానివి. నరేష్ పక్కన కూర్చుని ఒక్కో మాటా తెలుగులో చెప్పబోయాడు. అక్కర్లేదు, నన్ను చూడనీ అన్నాను.

సగమయ్యాక ఆ పిల్ల, అంటే పిల్ల ఒంట్లో ఉన్న తండ్రి, కరెంటు ఆఫీసుకు పోతాడు. ఇంటికి కరెంటు తీసేశారు. కౌంటరు ఆయన నుదుటి దాకా ఉంది. ఎగురుతాడు. ఎగిరినప్పుడల్లా కళ్లు మాత్రం పైకి వచ్చి మళ్లీ కిందికి పోతాయి. లోపలివాడు చూడనే చూడడు, నెక్స్ట్ అంటాడు. నేను నలభై అయిదేళ్ల మేనేజర్ని అని ఆ సన్నటి గొంతుతో అరుస్తాడు. పోయి మీ పప్పాను తీసుకురా అంటాడు లోపలివాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. ముసలామె అయితే మనవరాలిని కింద పడేసేంత పని చేసింది.

నాకు నవ్వు రాలేదు. ఆ కౌంటరు నాకు తెలుసు బిడ్డా. రేషన్ ఆఫీసులో నీ గడ్డం కౌంటరుకు అందేది కాదు. నీకప్పుడు ఆరేళ్లు. చంకల కింద చేతులు వేసి నిన్ను ఎత్తి పట్టుకునేవాణ్ణి. నువ్వు కార్డు చూపించి మా నాయన పేరు మొగులయ్య అని హిందీలో, అది కాకపోతే మరాఠీలో మొదలుపెట్టేదానివి. లోపలివాళ్లు ముచ్చటపడి పని చేసిపెట్టేవాళ్లు. నాకు హిందీ రాదని గల్లీ అంతటికీ తెలుసు. సైటులో మేస్త్రీ మనవాడే, కూలీలు మనవాళ్లే, ఇంకెవరితో పని. పద్నాలుగేళ్లు ముంబయిలో ఉండి కూడా మొగులయ్యకు వచ్చింది మూడే మాటలు, కిత్నా, చలో, బస్ అని రత్నాబాయి అక్కే ఎగతాళి చేసేది. అప్పుడు ఆమెది మన పక్క ఖోలీ. రేషన్ ఆఫీసుకు, బడికి, దవాఖానకు, ఎక్కడికి పోయినా నిన్నే ముందుకు తోసేవాణ్ణి. మొగులయ్య బిడ్డ వకీలు అనేవాళ్లు జనం. నేను మీసం దువ్వుకునేవాణ్ణి. నువ్వు నా నాయనవి, నేను నీ బిడ్డను అన్నట్టే నడిచింది మన సంసారం. మనకు గంట అవసరం కాలేదు.

ఇంకొకటి కూడా ఆ హాల్లోనే గుర్తొచ్చింది. నేను ఉత్తరాలు రాసేటప్పుడు నువ్వు నా మోకాలికి ఆనుకుని కూర్చునేదానివి. మన దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఉత్తరం చదివేవాడి నోటి నుంచి చావు కబురు పోకూడదు. ఊళ్లో ఎవరి తల్లి పోయినా నేను సుస్తీగా ఉందట, వెంటనే రమ్మన్నరు అనే చదివేవాణ్ణి. ఇంటికి పోయాక వాళ్లవాళ్లు చెప్పుకుంటారు. ఇక్కడ ఒకతను మూడో అంతస్తు నుంచి పడి నడుము విరిగితే, కాలు బెణికింది, కంగారు పడొద్దు అని రాశాను. రాయించుకున్నవాడే అట్లా రాయమన్నాడు. ఒకసారి నువ్వు నా ముఖంలోకి చూసి, నాయినా, నువ్వు చదివేటప్పుడు గొంతు మారిందేంది అని అడిగావు. అందులో చెడ్డ కబురు ఉన్నది బిడ్డా, మనం చెప్పొద్దు, మాట అందించేటోళ్లం మనం, మంచిదే అందియ్యాలె అన్నాను. నువ్వు బుద్ధిగా తలూపావు. ఏడేళ్లు కూడా నిండలేదు నీకు. నేను నేర్పిన పాఠాల్లో నువ్వు మరిచిపోనిది అదొక్కటే.

ఆ తర్వాత రెండు వేల తొమ్మిది. ఇట్లాంటి జూలై వానలే. అమ్మకు కడుపులో గడ్డ. పెద్ద దవాఖానలో పదిహేడు రోజులుగా మంచం మీద ఉంది. నీకు పదకొండు, నరేష్‌కు అయిదు. మీ అమ్మ కిష్టమ్మ అడిగింది ఒకటే. నన్ను ఒక్కసారి ఊరికి తీసుకపో, మా అమ్మను చూడాలె అని. పోయినప్పుడల్లా అదే మాట. మందులు అయిపోనీ, పోదాం అనేవాణ్ణి.

ఆ రోజు డాక్టరు మనిద్దరినీ వరండాలోకి పిలిచాడు. నువ్వు పొద్దుటి బడి నుంచి అట్లాగే వచ్చావు. నీలం గౌను, ఒక జడ ఊడి ఉంది. అమ్మ కాగితాల ఫైలు రెండు చేతులతో ఎదకు పట్టుకుని నా ముందు నిలబడ్డావు. నేను నీ వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయన వంగి నీతో చాలాసేపు మాట్లాడాడు. పోయేముందు నీ తల మీద చెయ్యి వేశాడు. నువ్వు నా వైపు తిరిగి, ఇంకో పది రోజులు సూదులిస్తరట నాయినా, అమ్మ మంచిగైతదట, మనమే ఊరికి తీసుకపోవచ్చట అని చెప్పావు. మంచిది బిడ్డా అన్నాను. మర్నాడు పొద్దున పనికి పోయాను.

తొమ్మిదో రోజు కిష్టమ్మ పోయింది. దినాలకు ముందే నువ్వు ఒకరోజు వెక్కుతూ నా దగ్గరకొచ్చి, ఆ రోజు డాక్టరు చెప్పింది అది కాదని, అమ్మ బతకదు ఇంటికి తీసుకుపొమ్మన్నాడని, నీకు నోరు రాలేదని చెప్పుకున్నావు. నన్ను నమ్మి చెప్పుకున్నావు. నేనేం చేశాను. మర్నాడు ఊరి నుంచి అమ్మమ్మ వచ్చింది. ఖోలీల ముందున్న గ్యాలరీలో చాపల మీద గల్లీ అంతా కూర్చుని ఉంది. నా బిడ్డను బతికుండంగ నాకెందుకు చూపియ్యలే అయ్యా అని ఆమె నన్ను అడిగింది. నేను వేలెత్తి నిన్ను చూపించాను. దీన్ని అడుగు, మంచిగైతదని నాకు అబద్ధం చెప్పింది, నీ బిడ్డను చంపింది ఇదే అన్నాను. అంతమందిలో అన్నాను. నువ్వు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నావు, నరేష్‌ను చంకనేసుకుని. ఏడవలేదు. వాణ్ణి ఇంకో చంకకు మార్చుకున్నావు, అంతే.

రత్నాబాయి అక్క వచ్చి నిన్ను కొంగు కప్పి తన ఖోలీలోకి తీసుకుపోయింది. సాయంత్రం నా దగ్గరకొచ్చి, చిన్న పోరి, తెల్వక చేసింది, మాఫ్ చెయ్యి తమ్మీ అంది. అక్కా, నీ మనసు మంచిదే, కానీ నువ్వు కూడా అది చేసిందనే అనుకున్నావు. గల్లీ అంతా అనుకుంది. అందరికన్నా ముందు ఆ పిల్లే అనుకుంది.

ఎనిమిదేళ్లు మనిద్దరం ఆ పదడుగుల ఖోలీలో మాటల్లేకుండా బతికాం. నువ్వు వండేదానివి, నేను తినేవాణ్ణి. నీళ్ల లైన్లో నిలబడటం, తమ్ముణ్ణి బడికి పంపడం అన్నీ నువ్వే చేశావు. నర్సు చదువుకు సీటు వచ్చిన రోజు పెట్టె సర్దుకుని పోతున్నా అన్నావు. సరే అన్నాను. ఇంకో మాట అనాలని ఉండింది. ఆ మాట ఏమిటో నాకే తెలియనట్టు తలుపు దగ్గర చెప్పులు సర్దుతూ కూర్చున్నాను.

మళ్లీ సినిమాకి వస్తాను. తండ్రీ కూతుళ్లు ఎంత ఏడ్చి మొత్తుకున్నా, గంటను ఎన్నిసార్లు కొట్టినా ఎవరి ఒంట్లోకి వాళ్లు పోలేరు. చివరకు తెలిసేది ఏమిటంటే, తండ్రి కూతురి దగ్గర దాచిన మాట ఒకటి ఉంది, అది చెప్తేనే మార్పు జరుగుతుంది. ఆ పిల్ల చిన్నప్పుడు పెంచుకున్న చిలక ఎగిరిపోయి ఉంటుంది. పిల్లి పంజరం తెరిచిందని ఇంట్లోంచి పిల్లిని వెళ్లగొట్టి ఉంటారు. తలుపు తెరిచి మరిచిపోయింది పిల్లి కాదమ్మా నేనే అని ఒప్పుకుంటాడు తండ్రి, రెండు జడలతో నిలబడి. అంతే, మెరుపు మెరిసి ఇద్దరూ ఎవరి ఒంట్లోకి వాళ్లు పోతారు. పిల్లి వచ్చి సోఫా మీద కూర్చుంటుంది. జనం చప్పట్లు.

నేను ఏడుస్తున్నాను. ఊరికే కళ్లు తడవడం కాదు, వెక్కి వెక్కి. పక్కన ముసలామె కంగారుపడి తన మనవరాలి చేతిలో వేఫర్ల పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. ఆ పిల్ల నా వైపు కోపంగా చూసింది. నరేష్ ఏమైంది నాయినా, కామెడీ పిక్చరే కదా అన్నాడు. పిల్లిని ఊరికే తరిమిండ్రు కదరా అన్నాను.

ఇంటికొచ్చి కూర్చుని, ఆ రోజు నీ ఒంట్లోకి పోవడానికి చూశాను. బిడ్డా, నిజంగానే ప్రయత్నం చేశాను. నీలం గౌను వేసుకున్నాను. ఫైలు పట్టుకున్నాను. తల ఎత్తి చూస్తే తెల్లకోటు గుండీలు మాత్రమే కనబడ్డాయి. ఆయన మాట చెవిలో పడింది. వెనక నాయన ఉన్నాడు. తిరిగి ఆ ముఖం చూసి చెప్పాలి. నేను కూడా చెప్పలేకపోయాను. యాభై ఎనిమిదేళ్లవాణ్ణి, ఎన్ని చావు ఉత్తరాలో చదివినవాణ్ణి, నాకే నోరు రాలేదు. పదకొండేళ్ల పిల్లవు నీకెట్లా వస్తుంది.

ఆనాడు గ్యాలరీలో నేనన్న మాట తప్పు. పదహారేళ్లు ఆలస్యంగా అంటున్నాను. నువ్వు అమ్మ మీద ప్రేమతో, నా మీద జాలితో చెప్పిన మాట అది. నిన్ను ఎవరూ ఏమీ అనడానికి లేదు. నౌకరీకి పో బిడ్డా. నీకు అమ్మ గొంతు వచ్చింది. ఆ నారాయణపేట ఆమెలాంటివాళ్లకు కబురు ఎవరో ఒకరు చెప్పక తప్పదు, అది నీలాంటి గొంతుతో వింటే వాళ్లకు కొంత మేలు.

ఇక్కడికి ముగించి సంతకం పెడుతున్నాను.

నీ మేలు కోరే,
నాయన మొగులయ్య

తా.క. అక్కా, అద్దాలు తీయకు. ఇంకా ఉంది.

మౌనికా, పైన రాసిందంతా రాసి కవర్లో పెట్టి అంటించాను. రెండు రోజులకు మళ్లీ చింపాను. పదేళ్లు జనానికి రాసిపెట్టినట్టే నీకూ రాశాను. నడుము విరిగితే కాలు బెణికిందని రాశాను.

నాకు హిందీ వచ్చు. ఆ రోజు కూడా వచ్చు.

ముంబయికి వచ్చిన కొత్తలో నాగ్‌పాడా మార్కెట్లో ఏదో అడగబోయి తప్పు పలికాను. దుకాణం ముందున్నవాళ్లంతా నవ్వారు. కొత్త పెళ్లికూతురు, మీ అమ్మ కూడా నవ్వింది. ఇక ఈ నోటితో హిందీ మాట్లాడితే ఒట్టు అనుకున్నాను. మాట్లాడలేదు గానీ వినడం మానలేదు కదా. రెండేళ్లకే అంతా అర్థమయ్యేది. రాదంటేనే సుఖంగా ఉంది. ఎవరు ఏమడిగినా నువ్వే చెప్పేదానివి. నేను నీ వెనక నిలబడితే సరిపోయేది.

ఆ వరండాలో డాక్టరు మొదట ఏమన్నాడో చెప్పనా. ఇంట్లో పెద్దవాళ్లు ఎవరూ లేరా బేటా, నీకు చెప్పడానికి నాకు మనసు రావడం లేదు అన్నాడు. నువ్వు వెనక్కి తిరిగి నా వైపు చూశావు. నేను తల అడ్డంగా ఊపి, హిందీ నహీ అన్నాను. అప్పుడాయన వేరే దారి లేక నీకే చెప్పాడు. మందులు ఇక పనిచేయవు, పది పదిహేను రోజులు కూడా కష్టమే, ఇంటికి తీసుకుపోండి, అమ్మ ఎవరిని చూడాలంటే వాళ్లను చూపించండి అన్నాడు. ప్రతి మాటా నాకు అర్థమైంది. పోయేముందు నీ తల మీద చెయ్యి వేసి, పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా అని అడిగాడు. హా, తిన్నా అన్నావు. అప్పుడు రెండు గంటలు. నువ్వు ఏమీ తినలేదు. ఈ సంగతి నువ్వు ఎవరికీ చెప్పి ఉండవు. నాకెట్లా తెలుసో ఇప్పుడు అర్థం చేసుకో.

నువ్వు నా వైపు తిరిగి, అమ్మ మంచిగైతదట అన్నావు. నాకు ప్రాణం లేచి వచ్చింది. నిజమని నమ్మి కాదు. నువ్వు నిజం చెప్పి ఉంటే మీ అమ్మను రైల్లో ఊరికి మోసుకుపోవాలి, దారిలో ఏమైనా అయితే చూడాలి, ఆమెను ఆమె తల్లి ముందు దించాలి. నాకు ఆ ధైర్యం లేదు. నువ్వు అబద్ధం చెప్పావు కాబట్టి మర్నాడు ఇటుకలు మోయడానికి పోవచ్చు. పోయాను. తొమ్మిది రోజులు పోయాను. సాయంత్రాలు కిష్టమ్మ ఊరు ఎప్పుడని అడిగితే, బిడ్డ చెప్పింది కదా, మంచిగైతవట అన్నాను. ఆమెకు కూడా నిన్నే చూపించాను.

నువ్వు ఆ రోజు నిజం చెప్పి ఉంటే ఏమయ్యేదని పదహారేళ్లుగా ఆలోచిస్తున్నావు కదా. నేను చెప్తాను. నిజం నా చెవిన పడ్డాకే నేను పనికి పోయాను. నీ మాటతో ఏమీ మారలేదు. అమ్మను ఊరికి తీసుకుపోనిది నేను. అమ్మమ్మ అడిగితే నిన్ను చూపించింది నేను. పంజరం తెరిచింది నేను.

నిన్న ఇదంతా గ్యాలరీలో నిలబడి చెప్పాను. నరేష్ విన్నాడు, పక్కింటి సీమా విన్నది, ఆనాడు చాపల మీద కూర్చున్నవాళ్లలో మిగిలిన నలుగురూ విన్నారు. అమ్మమ్మ లేదు. నరేష్ నిన్నటి నుంచి నాతో మాట్లాడటం లేదు. మాట్లాడమని నేనూ అడగలేదు. నన్ను మాఫ్ చెయ్యమని నిన్ను కూడా అడగను. రమ్మని అడగను. ఫోన్ ఎత్తకపోయినా సరే.

అక్కా, ఇంతవరకు చదివినందుకు నీ కాళ్లు మొక్కుతా. ఇప్పుడు కాగితం పక్కన పెట్టు. పిల్లను తిన్నావా అని మాత్రం అడగకు, తిన్నా అంటుంది. ముందు దానికి ఇంత అన్నం పెట్టు.